ఉందా అంటే ఉంది

2025 సంక్రాంతికి ఇంటికెళ్తే మా బాబాయ్ మళ్ళీ అదే అడిగాడు. "అమ్మాయ్, ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేందమ్మా?"

పదిహేనేళ్ళ పైనుంచి అడుగుతున్నాడు, నేనూ ప్రతిసారి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నా. ఈసారి బ్రాడీపేటలో మా డాబా మీద మధ్యలో అరిసెల పళ్ళెం పెట్టుకుని కూర్చున్నాం, ఎక్కడికీ పోయే దారి లేదు. మామూలుగా ఐతే నా బదులు మిగతావాళ్ళే చెప్పేస్తుంటారు. మా అమ్మ లెక్కలో నేను ఐక్యరాజ్యసమితిలో ఆఫీసర్ని, కాదమ్మా మొర్రో అంటే వినదు, మెళ్ళో ట్యాగు వేసుకుని న్యూయార్క్‌లో దిగిన ఫొటో ఒకటుంది, ఆవిడకది చాలు. అత్తయ్య లెక్కలో ఏదో చెట్లు నాటించే ఎన్జీవో. డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు లెక్కలో "అది ఇంకా చదువుతూనే ఉంది". ఈ మూడోదే నిజానికి దగ్గర అనుకోండి.

నేను చేసేది ఇదీ. యూరప్‌లో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్తా, సబ్జెక్టు సుస్థిరాభివృద్ధి విధానాలు. ఈ "సుస్థిర" అనే మాటని ఏ ఇంట్లోనూ ఎవరూ వాడరు, రేడియో వార్తల్లో తప్ప వినపడదు, కానీ 1987లో ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పిన అర్థం మాత్రం తేలికే, మన అవసరాలు తీర్చుకుంటూనే తర్వాత పుట్టేవాళ్ళ అవసరాలకి గండి కొట్టకుండా ఉండటం. మా నాయనమ్మ ఐతే "విత్తనాల గాదె ముట్టుకోకండ్రా" అనేది. పాఠాలు కాక మిగతా టైమంతా లెక్కలు. 2015 సెప్టెంబర్లో 193 దేశాలు ఐక్యరాజ్యసమితిలో కూర్చుని 2030కల్లా చేస్తాం అని 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు, వాటికింద 169 టార్గెట్లు రాసుకున్నాయి, వాటికింద మళ్ళీ రెండొందల పైచిలుకు సూచికలు, అంటే ఎంత చేశారో కొలిచే అంకెలు. ప్రతి జులైలో న్యూయార్క్‌లో కొన్ని దేశాలు వచ్చి మేం ఇంత చేశాం అని రిపోర్టులు చదువుతాయి, మన దేశం 2017లో చదివింది, 2020లో చదివింది. మన దగ్గర నీతి ఆయోగ్ కూడా 2018 నుంచి రాష్ట్రాలకి మార్కులు వేస్తోంది, పేపర్లో ర్యాంకులు చూసే ఉంటారు. ఆ రిపోర్టులో ఒక అంకె కనపడితే అది ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవర్ని అడిగితే వచ్చింది, అడగనిది ఏంటి, అని వెనక్కి తవ్వుకుంటూ పోవడం నా పని.

బాబాయ్ అంతా విని, "అంటే సొసైటీలో ఆడిటర్ లాంటిదానివి" అన్నాడు. ఇన్నేళ్ళలో నా ఉద్యోగం గురించి ఇంత కరెక్టుగా ఎవరూ చెప్పలేదు.

అసలు ఈ పనిలోకి నేను రావడానికి కారణం ఆయనే, ఆయనకి ఆ సంగతి తెలీదు. మా పొలం రేపల్లె దాటాక, కాలవ చివర. కృష్ణా డెల్టాలో చివర అంటే ఏంటో అక్కడివాళ్ళకే తెలుస్తుంది. మ్యాపు మీద చూస్తే అంతా పచ్చగా ఒకటే డెల్టా, కాటన్ దొర ఆనకట్ట, తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ, బెజవాడ దగ్గర గేటు ఎత్తితే సముద్రం దాకా నీళ్ళే అనిపిస్తుంది. కానీ పైనున్నోళ్ళు తూములు పెద్దవి చేసుకుంటారు, మధ్యలో గుర్రపుడెక్క అడ్డం పడుతుంది, బోదెలు పూడి ఉంటాయి, మా దాకా వచ్చేసరికి నారుమడి ముదిరిపోయి ఉంటుంది. నేను డిగ్రీలో ఉన్నప్పుడు, 2002, 2003 ఆ ప్రాంతంలో కృష్ణలో అసలే నీళ్ళు లేవు. ఒకరోజు పేపర్లో మొదటి పేజీలో ఫొటో, డెల్టాకి నీటి విడుదల, పెద్దవాళ్ళందరూ పసుపు కుంకుమ పూలు కాలవలో వేస్తున్నారు. ఆ తర్వాత రోజులు గడిచిపోతున్నాయి, మా బాబాయ్ ఆయిల్ ఇంజన్ పెట్టి మురుగు కాలవ నీళ్ళు తోడుకుంటూనే ఉన్నాడు, అవి సగం ఉప్పు. అప్పుడన్నాడు, "బ్యారేజీ కాడ వదిలింది లెక్కేస్తారు, పేపర్లో ఏస్తారు. నా చేలోకి వచ్చింది ఎవడన్నా లెక్కేస్తాడా?"

డీజిల్ డబ్బా మోస్తూ విసుగ్గా అన్నమాటే అది. నాకు మాత్రం ఉండిపోయింది.

గుంటూరులో అప్పట్లో ఎంసెట్ రాయకుండా ఆర్ట్స్ తీసుకున్న పిల్ల అంటే ఆ ఇంట్లో ఏదో జరిగింది అన్నట్టు చూసేవాళ్ళు, మా వీధిలో ప్రతి రెండో ఇల్లూ కోచింగ్ హాస్టలే. ఎకనామిక్స్ డిగ్రీ చేసి ఎమ్మేకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్ళా. సివిల్స్‌కా అని అందరూ అడిగితే అవును అనేదాన్ని, గొడవ ఉండదు కదా అని.

అక్కడ హాస్టల్లో నా రూమ్మేట్ది కనిగిరి వైపు. నవ్వొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఫ్లోరైడ్ నీళ్ళు, పళ్ళన్నీ గోధుమరంగు గారలు, వాళ్ళమ్మకైతే మోకాళ్ళు వంగవు. వాళ్ళింటి ముందు బోరింగు ఉంది, ఎప్పుడు కొడితే అప్పుడు నీళ్ళు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2000లో పెట్టుకున్న సహస్రాబ్ది లక్ష్యాల్లో మంచినీళ్ళు అందని జనాన్ని సగానికి తగ్గించాలి అనేది ఒకటి, 2012లో ప్రపంచానికి పండగలాగా ప్రకటించారు, గడువు 2015 ఐతే 2010కే సాధించేశాం అని. నేనప్పుడు పీహెచ్‌డీ ఆఖర్లో ఉన్నా. ఆ లెక్క ఎలా వేశారో చూస్తే, "మెరుగైన వనరు" నుంచి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళందరికీ మంచినీళ్ళు అందినట్టే. మెరుగైన వనరు అంటే కుళాయి, బోరు, మూత ఉన్న బావి, అలాంటివి. ఆ నీళ్ళలో ఏముందో అడగరు. అంటే నా రూమ్మేట్ వాళ్ళింటి ముందు బోరింగుకి ఫుల్ మార్కులు. ఆ పేజీ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు అంటే సినిమా డైలాగులా ఉంటుంది గానీ, కోపం మాత్రం బాగా వచ్చింది, ఆ కోపం మీదే తర్వాత చాలా ఏళ్ళు బండి నడిపా.

ఐతే ఒకటి ఒప్పుకోవాలి, అది మారింది. 2015 తర్వాతి లక్ష్యాల్లో కొలత మార్చారు, ఇంటి ఆవరణలోనే ఉండాలి, కావాల్సినప్పుడు రావాలి, మలంతో గానీ ఫ్లోరైడ్, ఆర్సెనిక్ లాంటివాటితో గానీ కలుషితమై ఉండకూడదు. అలా కొలిస్తే ఎన్నో దేశాల అంకెలు ఒక్కసారిగా కిందపడ్డాయి. నీళ్ళు మారలేదు, అడిగే ప్రశ్న మారిందంతే. ఈ మార్పు కోసం నాకంటే ముందు ఎంతోమంది ఏళ్ళ తరబడి మీటింగుల్లో కూర్చుని వాదించారు, వాళ్ళ పేర్లు ఎవరికీ తెలీవు. 2018 మార్చిలో మా గుంటూరులోనే పాతపేటల్లో కుళాయి నీళ్ళు కలుషితమై అతిసారంతో మనుషులు పోయారు, అప్పుడు మా అమ్మ ఫోన్లో "కుళాయి ఉండి ఏం లాభమే" అంది. పది పేజీల పేపర్ రాసినా నేను చెప్పగలిగేది అంతకంటే ఎక్కువేం కాదు.

పీహెచ్‌డీ ఇంగ్లాండులో, టాపిక్ మాత్రం మా కాలవే. 1997లో మన రాష్ట్రం రైతులకే కాలవల నిర్వహణ అప్పజెపుతూ చట్టం చేసింది, ఒక్కసారిగా పదివేల పైచిలుకు నీటి సంఘాలు పుట్టాయి, ప్రపంచమంతా వచ్చి చూసింది. నేను వెళ్ళేసరికి సంఘాలు చాలాచోట్ల కాగితం మీద ఉన్నాయి, ప్రెసిడెంటు గారు కాంట్రాక్టు పనులు చేసుకుంటున్నారు, కాలవ నీళ్ళు చూసుకునే లస్కర్ పోస్టులు ఖాళీ. మొదటి నెల నేను ఏసీ కారులో తిరిగా, సిగ్గు లేకుండా చెప్తున్నా. రాబర్ట్ చాంబర్స్ అని పెద్దాయన 1983లోనే రాశాడు, పల్లెల్ని చూడ్డానికి వచ్చే మాలాంటోళ్ళు తారురోడ్డు పక్క ఊళ్ళే చూస్తారు, వానాకాలం రారు, ఊరి పెద్దలతోనే మాట్లాడి పోతారు అని. చదివి అండర్‌లైన్ కూడా చేసుకున్నా, చేసింది మాత్రం అదే. జులైలో కారు బురదలో దిగబడితే ట్రాక్టర్ తెచ్చి లాగింది మా బాబాయే. అప్పట్నుంచి నడకే.

ఇంకొకాయన రాబర్ట్ వేడ్, కర్నూలు జిల్లాలో కాలవల కింద ఊళ్ళు తిరిగి 1988లో పుస్తకం వేశాడు. ఆయన చూసిందేంటంటే, నీళ్ళు పుష్కలంగా ఉన్న ఎగువ ఊళ్ళలో ఎవరికి వాళ్ళే, నీళ్ళు కరువైన చివరి ఊళ్ళలోనే జనం కూడి ఒక కట్టు పెట్టుకున్నారు. ఊరందరి తరఫున నీళ్ళు పారించడానికి మనుషుల్ని పెట్టుకుని జీతాలిచ్చేవాళ్ళు, ఆ డబ్బుకి కోత అయ్యాక చేలల్లో గొర్రెల మందల్ని మేపుకునే హక్కు అమ్మి ఊరి ఫండు చేసేవాళ్ళు. చట్టం లేదు, జీవో లేదు, రిజిస్ట్రేషన్ లేదు. ఎలినార్ ఆస్ట్రమ్‌కి 2009లో ఎకనామిక్స్‌లో నోబెల్ వచ్చింది కదా, ఆవిడ వాదన కూడా ఈ దారిదే, ఉమ్మడి ఆస్తిని జనం తామే కట్టుబాట్లతో కాపాడుకోగలరని.

ఇప్పుడు నా అసలు గొడవకి వస్తా. ఇప్పటి లక్ష్యాల్లో 6.బి.1 అని ఒక సూచిక ఉంది. నీళ్ళు, పారిశుధ్యం నిర్వహణలో స్థానిక జనం పాల్గొనడానికి విధివిధానాలు ఉన్నాయా అని అడుగుతుంది. చట్టంలో ఉందా? ఉంది. ఐతే టిక్కు. పాల్గొనడం ఎంత, తక్కువా ఓ మోస్తరా ఎక్కువా అని కూడా అడుగుతారు, కానీ ఆ ఫారం నింపేది ప్రభుత్వాలే. ఈ లెక్కన వేడ్ చూసిన ఆ కర్నూలు ఊరికి సున్నా, ఎందుకంటే చట్టంలో వాళ్ళ కట్టు లేదు. మా బాబాయ్ కాలవకి ఫుల్ మార్కులు, ఎందుకంటే 1997 నుంచి చట్టం ఉంది, మధ్యలో ఏళ్ళకేళ్ళు ఎన్నికలే జరగకపోయినా. నీళ్ళు పారిన ఊరు ఫెయిలు, పారని ఊరు పాసు. నా కెరీర్ మొత్తం, పేపర్లు, ప్రాజెక్టులు, తలనొప్పులు, అన్నీ ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతున్నాయి. మొదటిసారి దీన్ని జర్నల్‌కి పంపితే ఒక రివ్యూయర్ "ఇది ఒక ప్రాంతపు విషయం, ప్రపంచానికి వర్తించదు" అని కొట్టేశాడు. అదే వాదన ఆఫ్రికా దేశాల పేర్లతో వేరేవాళ్ళు రాస్తే రెండేళ్ళకి అచ్చయింది. ఐనా ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు నాలుగు రోజులు అన్నం తినలేదు.

ఉద్యోగం గురించి ఎవరూ చెప్పని సంగతులు కొన్ని చెప్పాలి, ఎందుకంటే గుంటూరు, బెజవాడ పిల్లలు మెయిళ్ళు రాస్తుంటారు మేడమ్ ఈ ఫీల్డులోకి ఎలా రావాలి అని. పీహెచ్‌డీ అయ్యాక నాకు పర్మనెంట్ వచ్చేదాకా నాలుగు ఊళ్ళు మారా, అన్నీ ఏడాది రెండేళ్ళ కాంట్రాక్టులు, ప్రతి కాంట్రాక్టు ఆఖరి ఆరు నెలలూ తర్వాతి దానికి అప్లికేషన్లే, వీసా ఒక పక్క. ఇంటద్దె అడ్వాన్సులు కట్టి కట్టి అలిసిపోయా. మా అమ్మ ప్రతి ఫోన్లో "పర్మనెంట్ చేశారా" అని, మా పెద్దమ్మ కొడుకు రెండో ఇల్లు కొన్నాడు అనే వార్తతో కలిపి. ఒక చోట నేను ఏడాది పాటు సేకరించిన డేటాతో వచ్చిన రిపోర్టు మీద నా పేరు ధన్యవాదాల్లో పెట్టారు, ఎక్కడో చెప్పను. ఇక 2025లో పరిస్థితి ఇంకా అధ్వానమైంది. ఆ జులైలో పేద దేశాలకి సాయం పంచే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది, దానికంటే ముందే, దశాబ్దాలుగా పేద దేశాల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల ఆరోగ్యం, నీళ్ళు, మరుగుదొడ్లు లెక్కగట్టే సర్వేలకి వాళ్ళిచ్చే డబ్బు ఆగిపోయింది, నాకు తెలిసినవాళ్ళే ఎంతోమంది రోడ్డున పడ్డారు. మనకి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన ప్రభుత్వమే చేసుకుంటుంది కాబట్టి ఫర్వాలేదు గానీ, చాలా దేశాలకి ఆ సర్వే లేకపోతే అసలు అంకే లేదు. కాబట్టి పిల్లలకి నేను చెప్పేది, సస్టైనబిలిటీ అనే పేరున్న కోర్సు కోసం పరిగెత్తకండి, ముందు ఒక పని గట్టిగా నేర్చుకోండి, నీళ్ళో, మట్టో, స్టాటిస్టిక్సో, చట్టమో. మిగతాది మీటింగుల్లో అదే అబ్బుతుంది.

మీటింగులంటే అందరూ అనుకునేంత గొప్పగా ఏమీ ఉండవు. గాలి ఆడని గదులు, ఒప్పుకోని మాటలన్నీ చదరపు బ్రాకెట్లలో పెట్టిన కాగితాలు, ఒక్కో బ్రాకెట్టు తీయడానికి అర్ధరాత్రి దాకా పేచీ. 2015లో వాతావరణ మార్పు మీద ప్యారిస్ ఒప్పందం ఆఖరి గంటల్లో ఒక్క మాట మీద ఆగిపోయింది, ధనిక దేశాల గురించి రాసిన చోట "షల్" అని పడింది, అమెరికా అది "షుడ్" అవ్వాల్సిందే అంది, అచ్చుతప్పు కింద సర్ది మార్చేశారు. దీన్ని మా అమ్మకి తెలుగులో చెప్పబోతే రెండూ "చెయ్యాలి" అనే వచ్చాయి. చివరికి ఒకటి "చేసి తీరాలి", ఇంకోటి "చేస్తే బాగుండు" అని చెప్పా. "ఐతే రెండోదే, ఎవరూ చెయ్యరు" అంది ఆవిడ.

తమాషా ఏంటంటే అక్కడ గుంటూరు అంటే మిర్చి యార్డు అని ఎవరికీ తెలీదు, ప్రకృతి వ్యవసాయం అనుకుంటారు. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ ఆఫీసు గుంటూరులోనే కదా, వాళ్ళ ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్‌లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, అప్పట్నుంచి మా డిపార్ట్‌మెంట్‌లో నన్ను గుంటూరు గురించి గౌరవంగా అడుగుతున్నారు. మా బాబాయ్ మాత్రం ఒక అరెకరంలో ఆవుపేడతో చేసే ఘనజీవామృతం వేసి చూస్తున్నాడు, మిగతాదాంట్లో యూరియా. అడిగితే "చూద్దాంలే" అంటాడు.

ఇంకో లెక్క చెప్పి ఆపుతా. 2024 సెప్టెంబర్లో బెజవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు ప్రవాహం వచ్చినప్పుడు, మా పిన్ని వాళ్ళు ఫస్ట్ ఫ్లోర్లో కరెంటు లేకుండా కూర్చున్నారు, తిండి పడవల్లో వచ్చింది, డ్రోన్లతో కూడా వేశారు. తర్వాత సాయం ప్రకటించారు, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి 25 వేలు, పై అంతస్తుల వాళ్ళకి 10 వేలు. బాధితుడు అంటే ఎవరు అనే నిర్వచనం మీద నేను మూడు సెమినార్లు విన్నా, మా పిన్ని వాళ్ళ మెట్ల మీద ఆ చర్చ ఒక పూటలో తేలిపోయింది. స్కూటర్ కింద పెట్టి మునగ్గొట్టుకున్నవాడు పైన ఉంటే ఎవరి లెక్కలోకి వస్తాడు అని కింది పోర్షన్ ఆవిడే అడిగిందట.

డాబా మీద ఆ రోజు బాబాయ్‌కి ఇవన్నీ చెప్పలేదు, ఆ ఫారం సంగతి తప్ప. అంతకు నెల ముందే, డిసెంబర్లో, నీటి సంఘాలకి మళ్ళీ ఎన్నికలు జరిగాయి, ఆయన ఆ సంగతి ఎత్తాడు. మా దగ్గర ఏకగ్రీవమేనంట. "ఐతే నీ ఫారంలో ఉంది అని రాసుకోవచ్చన్నమాట" అన్నాడు. 2022లో జిల్లాలు విడగొట్టాక మా పొలం గుంటూరు జిల్లా కాదు బాపట్ల జిల్లా, నా పాత లెక్కలన్నీ మధ్యలో తెగిపోయాయి, ఆ బాధ కూడా చెప్పుకున్నా. ఆయన "జిల్లా మారినా కాలవ మారలేదుగా" అని అరిసె ఇంకోటి తీసుకున్నాడు.

ఒక్క డేటా మాత్రం తెగలేదు. పీహెచ్‌డీ అప్పుడు మొదలైన అలవాటు, బ్యారేజీ దగ్గర గేట్లు ఎత్తిన రోజు నేను పేపర్లో చూసి ఒక నోటుబుక్కులో రాసుకుంటా, మా చేలోకి నీళ్ళు వచ్చిన రోజు బాబాయ్ ఫోన్ చేసి చెప్తాడు, పక్కన రాసుకుంటా. రెండు కాలమ్‌లు, ఒకే ఒక్క పొలం. ఏ జర్నలూ వేసుకోదు. ఈ ఏడాది నేను క్లాసులో ఉండగా ఫోన్ మోగింది, పిల్లల ముందే ఎత్తా.

"అమ్మాయ్, పొద్దున్నే దిగినయ్యి నీళ్ళు. తారీఖు రాసుకో."

పెన్ను కోసం ముందు బెంచీ అమ్మాయి వైపు చెయ్యి చాపా.